కెప్టెన్‌ని కూర్చోబెట్టిన ఆట

వెల్‌బర్న్, అయోవా
1905 నవంబరు 13

అమ్మా,
ఇక్కడ నేను క్షేమం. ఫుట్‌బాల్‌లో ఒకరినొకరు గుద్దుకుని కుర్రాళ్లు చచ్చిపోతున్నారని పేపర్లో చదివి బెంగపెట్టుకోకు. నేనిప్పుడు ఆడటం లేదు, గీత బయట నిలబడి అరిచే కాలేజీ కోచ్‌ని.

శనివారం ఆటలో మా కెప్టెన్ హోలిస్ తలకి దెబ్బ తగిలి పడ్డాడు. లేచి, "నాకేం కాలేదు సార్, ఆడనివ్వండి" అని బతిమాలాడు. వాడి చూపు తేడాగా ఉందని పక్కన కూర్చోబెట్టేశాను. ఐదు పాయింట్లతో ఓడిపోయాం. "పిరికి కోచ్! నీ ఊరికి పో!" అని జనం మట్టిబెడ్డలు విసిరారు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

నిన్న చర్చి దగ్గర హోలిస్ నవ్వుతూ వచ్చి, "సార్, ఆట ఎప్పుడు?" అన్నాడు.
"శనివారమే ఆడేశాం కదరా!"
వాడు తెల్లబోయాడు. దెబ్బ తగిలిందీ, ఆట ఆడిందీ ఏదీ వాడికి గుర్తులేదు. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. బెడ్డలు విసిరినవాళ్లే టోపీలు తీసి పలకరించారు. డాక్టరు వాణ్ని నెల్లాళ్లు ఆడొద్దన్నాడు.

నా ఉన్ని స్వెట్టర్ పంపు, చలి ముదిరింది. ఆవు ఈనిందా? చెల్లి వినిఫ్రెడ్‌ని అడిగానని చెప్పు. నాన్న దగ్గు ఎలా ఉంది? వచ్చే ఏడు కూడా కాలేజీవాళ్లు నన్నే ఉండమన్నారని ఆయనకి నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మడు.

నీ ప్రార్థనల్లో హోలిస్‌ని కూడా కలుపుకో.
నీ కొడుకు,
లోరెన్