పొయ్యి దగ్గరి గోడ

అమ్మా,

ఊళ్లో పొగ ఉండకూడదని పోయిన వారం పంచాయతీవాళ్లు వచ్చి మన కట్టెల పొయ్యి తీసేశారు. చుట్టాలొచ్చినప్పటికని నువ్వు బొట్టుపెట్టి దాచిన గ్యాస్ పొయ్యి మీదే ఇప్పుడు వండుతున్నాను.

"ఇంగ ఇంట్లో ఎవురికీ దగ్గు రాదులేన్నా," అంది వాళ్లతో వచ్చిన అమ్మాయి. నువ్వు దగ్గుతూనే పోయావని ఆ పిల్లకు తెలీదు.

ఆ గోడంతా మసి. సంగటి ఉడికేదాకా నువ్వు వీపు ఆనించి కూర్చునే చోటు ఒక్కటే తెల్లగా ఉండేది. సున్నం కొట్టిస్తే, ఆరేసరికి నీ చోటు తప్ప మిగతా అంతా మసి మళ్లీ పైకి తేలింది.

"మూడుసార్లు కొట్టినా అంతేన్నా. మద్దెలో ఎవురో కూసున్నట్ల ఉండాది," అని సున్నం వేసే ఓబులేసు కుంచె కింద పెట్టేశాడు.

ఈరోజు సంగటి ఉడికేదాకా నేనూ ఆ గోడకే ఆనుకున్నాను, నీ చోటు వదిలి, కాస్త పక్కకు జరిగి.