వెనక గదికి కిటికీ

పటమట,
శ్రావణ మాసం, రెండో శుక్రవారం.

సుభద్రా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్ననే నీ గదికి కిటికీ పెట్టించాను. అందుకే రాస్తున్నాను.

ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లందరూ ఇకపై మున్సిపాలిటీ లైసెన్సు తీసుకోవాలట. తనిఖీకి వచ్చిన ఉద్యోగి మా వెనక గది చూసి, "గాలీ వెలుతురూ లేని గది అద్దెకివ్వకూడదండీ. కిటికీ పెట్టిస్తేనే లైసెన్సు" అని, అదే నోటీసులో రాసి ఇచ్చి వెళ్లాడు. వారం తిరక్కుండా నైరుతి గోడ కొట్టించాను.

ఆ గదిలో అద్దెకున్న ఆరేళ్లూ నువ్వు ఇదే అడిగావు. నైరుతిలో కిటికీ ఇంటికి అరిష్టమని వాస్తు చెప్పి పంపేశాను. గుమ్మంలో పీట వేసుకుని చీరలకు ఫాల్స్ కుడుతుంటే, "దారికడ్డంగా ఏమిటే?" అని కసిరాను కూడా.

"వెలుతురు ఇక్కడిదాకానే వస్తోంది మామ్మగారూ! మీ వాస్తును లోపలికి పంపండి, సూదిలో దారం ఎక్కించి పెడుతుందేమో" అని నవ్వావు.

నోటీసులో రాసి ఇస్తే వారంలో విన్నాను. నువ్వు నోటితో అడిగితే వినలేదు.

ఇక జరగవలసినవి:

1. కిటికీకి దోమల జాలీ బిగించాలి.
2. సోమవారం మళ్లీ తనిఖీకి వస్తారు. గది తెరిచి ఉంచాలి.
3. కొత్తగా దిగేవాళ్లకు ఏం కావాలో, వాళ్లు అడగకముందే నేను అడగాలి.
4. గుమ్మం పక్కనే ఉన్న నీ పీట తీసి, కిటికీ కింద వేయాలి.