మొదటి ముద్ద

ఏప్రిల్ 11
దివాణంలో నా ఉద్యోగం తినడం. రాజుగారు ఏది తినాలన్నా ముందు నేను తినాలి. తిని అరగంట కదలకుండా కూర్చోవాలి. నేను కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉంటే ఆయనకు వడ్డిస్తారు. పక్కకు ఒరిగితే వడ్డించరు. పదిహేడేళ్లయింది, ఇంతవరకూ ఒరగలేదు. వంటవాళ్లు నాకు మొదటి ముద్ద అని పేరు పెట్టారు. రాజుగారి బతుకంతా నా ఎంగిలేనని నేనంటాను. ఆయన దగ్గర లేనప్పుడు.

ఇది వానలు లేని మూడో ఏడు. ఊరంతా బక్కచిక్కిపోతోంది. నాకేమో పొట్ట వస్తోంది. వీధిలో నడవాలంటే సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 14
అక్క ఇంటికి వెళ్లాను. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. తిండికే లేనప్పుడు బట్టలెవరు కుట్టించుకుంటారు? తిన్నావా అని అడిగాను. తిన్నానురా అంది. ఏం తిన్నావన్నాను. ఏం, నీకు చెప్పి తినాలా అని కసిరింది.

నోటిమీద బతికేవాణ్ణి నేను. ఖాళీ కడుపు ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్క ఇవాళ తినలేదు. నిన్న కూడా తినలేదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఉన్న ఒక్క రొట్టె నా ముందు పెట్టి, నేను తిన్నానురా అనేది. తొమ్మిదేళ్లపాటు ఆ మాట నమ్మాను. ఎంత వెధవని.

ఏప్రిల్ 15, మధ్యాహ్నం
రాజుగారు దివాణం గేటు దగ్గర గంజి పోయించడం మొదలుపెట్టారు. ఆరు గంగాళాలు. ఎవరు, ఏ ఊరు అని అడగొద్దని ఆర్డరు. ధాన్యం మిగలాలని ఆయన భోజనంలో తొమ్మిది రకాలు నాలుగయ్యాయి. వంటపెద్ద మొహం మాడ్చుకున్నాడు. అబద్ధమెందుకు, నాకూ కొంచెం బాధగానే ఉంది.

పరుగున వెళ్లి అక్కకు చెప్పాను. చాలా మంచిపని అంది. పద మరి అన్నాను. లైన్లో నిలబడి చెయ్యి చాపడం తనకు రాదంది. ఈ వయసులో కొత్తగా నేర్చుకోలేదట.

ఏప్రిల్ 16
నా భోజనం టిఫిన్ క్యారియర్లో సర్దుకుని వెళ్లాను. అక్క మూత కూడా తియ్యలేదు. నువ్వు తినగా మిగిలిందా అంది. ఛ, కాదన్నాను. అయితే నువ్వు తినకుండా తెచ్చావా, ఇంకా నయం, తీసుకుపో అంది. దీనితో వాదించేకంటే గోడకు తల బాదుకోవడం నయం.

ఏప్రిల్ 17
తీసుకెళ్లాను. తిరిగి తెచ్చాను.

ఏప్రిల్ 18
అదే.

ఏప్రిల్ 20, ఉదయం
రాజుగారు పిలిపించారు. గేటు జవాను చెప్పేశాడట, నేను రోజూ క్యారియర్ పట్టుకుపోతున్నానని. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన అడిగింది అది కాదు. క్యారియర్ నిండుగా వెళ్లి మళ్లీ నిండుగా ఎందుకు వస్తోందని అడిగారు. మొత్తం చెప్పేశాను. చెప్తూ ఏడ్చాను కూడా. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారా అన్నారు. ప్రతి వీధిలోనూ ఉన్నారన్నాను. తలుపులు వేసుకుని, ఇరుగుపొరుగుకు పొగ కనబడాలని పొయ్యి మీద ఉత్తనీళ్లు మరగబెట్టుకుంటారని చెప్పాను. ఆయన ముందు ప్లేటులో రెండే రకాలున్నాయి.

ఏప్రిల్ 22
ఘోరం జరిగింది. చాలారోజులుగా తిండిలేని ఒక చెప్పులుకుట్టే ముసలాయన నిన్న గేటు దగ్గర నాలుగుసార్లు లైన్లో నిలబడి నాలుగు గిన్నెలు తాగాడు. ఇంటికెళ్లి ప్రాణం వదిలాడు. ఎండిపోయిన కడుపుకు ఒక్కసారే అంత పొయ్యకూడదని డాక్టరు చెప్పాడు. ఎవరు వింటారు? తినే నోళ్లు తగ్గించడానికి రాజు గంజిలో మందు కలిపాడని ఊరంతా గుప్పుమంది.

సాయంత్రానికి లైన్లో ఒక్కరూ లేరు. ఆరు గంగాళాలూ చల్లారిపోయాయి.

ఏప్రిల్ 23
నాకైతే ముందు తినిపెట్టే మనిషి ఉన్నాడు, వాళ్లకెందుకు లేడు అన్నారట రాజుగారు. నన్ను గేటు దగ్గరికి పంపారు. అందరూ చూస్తుండగా గిన్నెడు గంజి తాగి అరగంట కూర్చున్నాను. జనం నా మొహం చూడలేదు, పొట్ట చూశారు. ఒకామె, వీడికి రాళ్లు పెట్టినా అరుగుతాయి అంది. అందరూ నవ్వారు. ఎవ్వరూ గిన్నె పట్టలేదు. నేను దివాణం మనిషిని కదా, నన్నెందుకు నమ్ముతారు? వచ్చి రాజుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఏప్రిల్ 25
కొత్త ఆర్డరు. ఇకమీదట వీధికొక గంగాళం, రోజుకు రెండుపూటలు. మొదటి గిన్నె ఆ వీధి మనిషే తాగి అందరి ముందూ అరగంట కూర్చోవాలి. ఆ తర్వాతే మిగతావాళ్లకు. గిన్నె చిన్నదిగా ఉండాలని డాక్టరు రాయించాడు. మనిషిని వీధివాళ్లే ఎంచుకోవాలి. అయితే గేటు దగ్గరికి ఇంతవరకూ రానివాళ్లలోంచే ఎంచుకోవాలట.

ఆ చివరి ముక్క రెండుసార్లు చదివాను. రాజుగారి బుర్రే బుర్ర.

నాకూ వీధులమీదే డ్యూటీ వేశారు. మరి తమరికి ముందు ఎవరు తింటారని వంటపెద్ద అడిగాడట. నేను తినేదెంత, దానికి మళ్లీ ఒక మనిషా అన్నారట.

ఏప్రిల్ 26, ఉదయం 8
గంగాళంతో అక్క వీధికి నేనే వెళ్లాను. మనిషిని ఎంచుకోమంటే అందరూ ఒకటే మాట, మిషన్ అక్క అని. ఆవిడ నోట అబద్ధం రాదన్నారు. నాకు నవ్వు ఆగలేదు.

అక్క బయటికి వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. నావల్ల కాదు, ఇంకెవరినైనా చూసుకోండి అంది. నువ్వు తాగకపోతే ఈ వీధిలో ఎవరికీ పొయ్యరు, అది రూలు అన్నాను. ఎదురింటి ముసలామె అప్పటికే గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అక్క ఆమెను చూసింది. గంగాళాన్ని చూసింది. నన్ను చంపేసేలా చూసింది. అరుగుమీద కూర్చుంది.

మెల్లగా తాగింది. అడుగుదాకా తాగింది. ఒళ్లో చేతులు పెట్టుకుని అరగంట కూర్చుంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

మే 3
అక్క మిషన్ మీద గుడ్డ తీసి నూనె వేసింది. కుట్టేదేమీ లేదు. ఊరికే.

మే 9, సాయంత్రం
రాజుగారు ఈవేళ అక్క వీధికి నడిచి వచ్చారు. వెంట గేటు జవాను ఒక్కడే. అప్పుడే అక్క గిన్నె దించి కూర్చుంది. రాజుగారిని నిలబెడతామా, పొయ్యడం మొదలుపెట్టండి అన్నాడు జవాను. అక్క ససేమిరా అంది. అరగంట కాలేదు, ఎవరైనా ఆగాల్సిందే అంది. ఆయన లైను చివర ఎండలో ఆగారు. బాగా చిక్కిపోయారు. అంగీ ఒంటిమీద వేలాడుతోంది.

అందరికీ పోయడం అయ్యాక అక్క ఆయన దగ్గరికి వెళ్లి, తిన్నారా అని అడిగింది. తిన్నానమ్మా అన్నారు. అక్క ఆయన మొహంలోకి చూసింది. ఈ అబద్ధం నేను చిన్నప్పట్నుంచీ ఆడుతున్నానయ్యా, నా దగ్గర కాదు అంది. అడుగున ఉన్నది గిన్నెలోకి వంచి చేతికిచ్చింది. ఆయన అరుగుమీద కూర్చున్నారు.

నేను గబుక్కున లేచాను, ముందు నేను తినాలని. పదిహేడేళ్ల అలవాటు. కూర్చోరా, నేను తిన్నాను కదా అంది అక్క.

ఈసారి నిజమే.

మే 10
వాన జాడ లేదు. తిన్నావా అని అడిగాను. లేదురా, ఆకలేస్తోంది, తొందరగా గిన్నెలో పొయ్యి అంది.