పదిహేను డిగ్రీల నిచ్చెన

ప్రియమైన చిట్టితల్లికి,

నువ్వు పెట్టిన షరతు మరిచిపోలేదు. ప్రతి పనికీ నిచ్చెన కొలతలు నీకు పంపాలి. లెక్క తప్పితే బోర్డులు రాయడం మానేసి, నీ దగ్గరికి వచ్చి కూర్చోవాలి. ఊళ్లో పిల్లలు చాలరన్నట్టు కన్నతండ్రికి కూడా హోంవర్క్ ఇచ్చావు, టీచరమ్మా!

రాసుకో. మందుల దుకాణం బోర్డు. నిచ్చెన ఆరు మీటర్లు. దాని కాళ్ల దగ్గర కూర్చుని నీ పాత కోణమానినితో కొలిచాను, నేలతో డెబ్బై అయిదు డిగ్రీలు. మిగతా రెండు భుజాలూ నువ్వే తేల్చు. అమ్మ కులాసా.

నీ లెక్కకు బందీ,
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నిచ్చెనే కర్ణం. ఆరుని సైన్ డెబ్బై అయిదుతో గుణిస్తే గోడ మీద ఎత్తు 5.8 మీటర్లు. కాస్‌తో గుణిస్తే గోడకీ నిచ్చెన కాళ్లకీ మధ్య దూరం 1.55. టేపు పెట్టి చూసుకో, అంతే రావాలి. పాసయ్యావు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. నీ ఉత్తరం చివర అమ్మ రెండు వాక్యాలు రాసేది కదా, నాలుగు నెలలుగా ఎందుకు రాయడం లేదు? నా మీద అలిగిందా?

నీ టీచరమ్మ

*

ప్రియమైన చిట్టితల్లికి,

అలకా లేదు, గిలకా లేదు. మీ అమ్మకి తీరిక లేదంతే. ఈసారి సైకిల్ షాపు. అదే నిచ్చెన, పదిహేను డిగ్రీలు. అక్షరాలు బాగా వచ్చాయని షాపాయన మెచ్చుకున్నాడు.

తొందరలో,
నాన్న

*

నాన్నా,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. పదిహేనా? ఆ లెక్కన నిచ్చెన గోడను తాకేది 1.55 మీటర్ల ఎత్తులో, సరిగ్గా నా తల దగ్గర. దాని కాళ్లేమో గోడకు 5.8 మీటర్ల దూరాన, నడిరోడ్డు మీద. నిచ్చెన వేశావా, వంతెన కట్టావా?

మొదట నవ్వుకున్నాను. తర్వాత భయం పట్టుకుంది. తొంభైలోంచి డెబ్బై అయిదు తీసేస్తే పదిహేను. అంటే అది నిచ్చెనకూ గోడకూ మధ్య కోణం, పై చివర నిలబడి కొలిస్తే వచ్చేది. నువ్వు ఏనాడూ పైన కొలవలేదు. మరి పైన ఎవరున్నారు? పడిపోయావా? మంచం మీద పడుకుని నాకు కథలు చెబుతున్నావా? అమ్మ మౌనం చూస్తే అదే అనుమానంగా ఉంది. నిజం రాయి. లేకపోతే ఆదివారం బస్సెక్కి వచ్చేస్తాను.

నీ కూతురు

*

ప్రియమైన చిట్టితల్లికి,

దొరికిపోయాను. పడలేదు. నాలుగు నెలలుగా కుడిచేయి వణుకుతోంది, కుంచె పడితే గీత వంకరపోతోంది. డాక్టరు ఇచ్చిన మందులు వాడుతున్నాను. పైన ఉన్నది మీ అమ్మ. సైకిల్ షాపు ముందు నేల తడిగా ఉంది. నిచ్చెన వదల్లేక, కోణం కూడా ఆమెనే కొలవమన్నాను. పైన ఉంది కాబట్టి పైనే కొలిచింది. ఆమె చెప్పిన అంకే నీకు చెప్పాను.

చెప్పాను అన్నాను చూడు, రాయలేదు. ఈ ఉత్తరాలన్నీ ఆమే రాస్తోంది. నలభై ఏళ్లు నేను గీసిన అక్షరాల్లో రంగు నింపి, నీకే తేడా తెలియనంతగా నా రాత పట్టేసింది. పక్కనే తన రాత కూడా ఉంటే పోల్చి కనిపెట్టేస్తావని తన రెండు వాక్యాలూ మానేసింది. నీకు తెలిస్తే ఈ పని మాన్పించేస్తావని ఇద్దరం కూడబలుక్కుని దాచాం. తప్పే.

దిగమని రోజూ పోరుతున్నాను. "మీరు నిచ్చెన పట్టుకోండి, మాట్లాడకండి" అంటుంది. ఇన్నాళ్లూ నేను పైన ఈలలేసుకుంటూ రంగు వేస్తుంటే, కింద పట్టుకుని నిలబడ్డది ఆమే. భయంగా ఉందని ఒక్కరోజు కూడా అనలేదు. ఇప్పుడు ఆమె ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నా గుండె జారిపోతోంది. ఈ ముక్క రాయనని మొండికేసింది, బతిమాలి రాయించాను.

ఎత్తు 5.8 మీటర్లేనని నువ్వంటావు. కింద నిలబడి చూస్తే అంత తక్కువేమీ కాదు, తల్లీ.

చెప్పింది నాన్న,
రాసింది అమ్మ