గుర్రమెక్కిన ఎముకల పెళ్లికొడుకు

హాస్టలు, యూనివర్సిటీ
ఆగస్టు 1968

వదినకు కొమురెల్లి దండాలు. నువ్వు అడిగిందే ముందు చెబుతాను, సిగరెట్టు ముట్టడం లేదు. సాయంత్రం చాయ్ తాగగానే ప్రాణం లాగుతుంది. అందుకే పాన్ డబ్బా వైపు పోకుండా తార్నాక దాకా నడిచి వస్తున్నాను. మొన్న వాన పట్టుకుంటే ఒక ఇంటి వరండా ఎక్కాను. లోపల కొందరు కుర్ర చిత్రకారులు తాము వేసిన బొమ్మలు గోడలకు తగిలించారు. ఒకదానిలో కాకి కళ్లజోడు పెట్టుకొని రోగి నాడి చూస్తున్నది. ఇంకొకదానిలో అస్థిపంజరం బాసింగం కట్టుకొని, గుర్రం మీద సిగ్గుపడుతూ కూర్చున్నది. నవ్వాను, వెంటనే ఒళ్లు జలదరించింది.

దాన్ని వేసిన ఎస్తేరు అనే అమ్మాయి, "భయమైతున్నదా?" అని అడిగింది.

"నవ్వొస్తున్నది, భయం గూడ అయితున్నది," అన్నాను.

"అయితే మంచిగనే చూసిన్రు. మా నాయిన పోయినంక ఏడుపు రాలే. గివి గీసిన."

అన్న పోయినప్పుడు నాకూ ఏడుపు రాలేదు వదినా. సిగరెట్టు అలవాటైంది అప్పుడే. ఆ రోజు ఆ బొమ్మ ముందు నిలబడి ఏడ్చేశాను. ఆ పిల్ల స్టూలు జరిపి, మంచినీళ్లిచ్చింది. ఇప్పుడు రోజూ అక్కడికే పోతున్నాను.

సిగరెట్టుకు బదులు నమలమని నువ్విచ్చిన ఉసిరి ఒరుగులు అయిపోయాయి. లాలాపేటకు వచ్చే ఉప్పలయ్యతో పంపు. వంటింటి కప్పు కురుస్తున్నదా? చిన్నదాని జ్వరం తగ్గిందా? పెద్దమ్మకు నా దండాలు చెప్పు. సిగరెట్టు మానమని నువ్వు పట్టుబట్టకపోతే ఆ వరండా ఎక్కేవాణ్ణే కాదు, నీ మేలు మరువను. దసరాకు వస్తాను. అన్న గురించి నువ్వు మాటెత్తితే ఈసారి లేచి బయటికి పోను.

నీ మరిది
కొమురెల్లి