పెద్దాయన దిద్దిన మూతి

అమ్మకి,

నీ చిన్నది నమస్కారాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను, నాతోపాటు నా మట్టీ బాగుంది. అక్కడ నువ్వూ, అన్నయ్యా, వదినా, పిల్లలూ చల్లగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. వదినకి మెడనొప్పి తగ్గిందన్నావు, సంతోషం. మళ్ళీ నీళ్ళ బిందెలు ఎత్తనివ్వకు. అన్నయ్య ఎత్తితే అరిగిపోడు.

ముందు శుభవార్త చెప్పెయ్యనీ, లేకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. మాకు హాలు దొరికింది! చిత్రశాలలో పెద్ద హాలే అమ్మా, మెట్లెక్కగానే కుడిచేతి పక్కన ఉంటుంది, పైకప్పు అద్దాల్లోంచి వెలుగు పడుతుందని చెప్పేదాన్ని చూడు, అది. ఇన్నేళ్ళూ మాకిచ్చింది కింద సైకిళ్ళు పెట్టుకునే చోటు పక్కన గది. ఈసారి మేనేజరు తనే ఫోన్ చేసి, "మీ ఏడుగురూ పోట్లాడుకోకుండా ఉంటామంటే పెద్ద హాలు ఇస్తాను" అన్నాడు. ఉంటామని అందరం ఒక్క గొంతుతో అబద్ధం చెప్పాం. ఈ ఆదివారం కాక పై ఆదివారం ప్రారంభం. ఆ కబురు విన్నప్పటి నుంచీ నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. పోస్టరు కూడా వచ్చేసింది. 'భారతీయ చిత్రకారులు, శిల్పులు: ఏడుగురు, ఏడు దారులు' అని పెద్ద అక్షరాల్లో వేశారు. అచ్చువేసినాయన మా వాదనలన్నీ విని, "దారులు ఎందుకు, ఏడు తలనొప్పులు అని వేయించుకోవాల్సింది" అన్నాడు.

ఇక నీ ప్రశ్నలకు జవాబులు. వేళకి తింటున్నాను. జుట్టు కత్తిరించుకోలేదు, మట్టి పట్టి గట్టిపడిన కొసలు కోసేశాను, అంతే. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు, చుక్కలాయనతో తప్ప. ఒక్కదానికి మాత్రం ఇప్పుడే జవాబు చెప్పను. 'ప్రారంభానికి నేను రాను, ఈ ముఖం వేసుకుని అంతమందిలోకి ఏం వస్తాను, నన్నెవరు చూడొచ్చారు' అని రాశావే, దానికి. నీ మూతి వంకరపోయిన నాటి నుంచీ వీడియోలో కనబడడం మానేశావు. ఫోటో అంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటావు. మాట ముద్దగా వస్తోందని ఫోనూ తగ్గించేశావు. మనిద్దరికీ చివరికి ఈ ఉత్తరాలే మిగిలాయి. నువ్వు రావాలమ్మా. నువ్వు రాకపోతే ఆ హాలు, ఆ అద్దాలు, ఆ వెలుగు నాకు సగమే. ఆ సంగతి చివర్లో తేల్చుకుందాం.

'ఏడుగురూ ఒకే తీరు బొమ్మలు వేసుకుంటే గొడవే ఉండదుగా' అన్నావు. అలా అయితే మేం కలిసి ఉండాల్సిన పనే లేదు. చుక్కలాయన కాన్వాసు నిండా చుక్కలు తప్ప ఇంకేమీ వెయ్యడు. మనిషి ముఖం గియ్యడమంటే ఫోటో స్టూడియోవాళ్ళ పొట్ట కొట్టడమేనని వాదిస్తాడు. ఆయన పక్క బల్ల వెంట్రుకక్కది. ఆవిడ కుంచెకి ఉండేది వెంట్రుకవాసి మొన. దాంతో అరచేతంత కాగితం మీద సైన్యాన్నంతా నడిపిస్తుంది. అటుపక్క ఇనపాయన పాత గొలుసులతో, పగిలిన పంపులతో పక్షుల్ని చేస్తాడు. ఆయన వెల్డింగ్ మొదలుపెడితే వెంట్రుకక్క ఉలిక్కిపడి, బొమ్మలో రాజుగారికి అదనంగా ఒక మీసం మొలుస్తుంది. ఆ రోజు ఇక షెడ్డులో యుద్ధమే. నీటిరంగులు వేసే భార్యాభర్తలిద్దరున్నారు, వాళ్ళు వాళ్ళల్లో వాళ్ళే పోట్లాడుకుంటారు కాబట్టి మాకు బెడద లేదు. ఇక పెద్దాయన. రాయి చెక్కే మనిషి, మా అందరికీ గురువులాంటివాడు. ఎక్కడైనా కొలత తప్పితే ఆయనకి ముద్ద దిగదు. గోడకి పటం ఒక పక్కకి ఒరిగి ఉంటే, ఎవరింట్లో అయినా సరే, లేచి వెళ్ళి సరిచేసి వస్తాడు.

మేమంతా పనిచేసేది ఒకప్పటి వడ్రంగి షెడ్డులో. అక్కడ మాకొక కట్టుబాటుంది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. తడి మట్టికి మాత్రం ఇది వర్తించదు. తడి మట్టి బొమ్మంటే షెడ్డులో అందరికీ పసిబిడ్డ. ఆరితే బీటలు వారుతుంది, ఎక్కువ తడిస్తే మెత్తబడి జారుతుంది. అందుకని తడి గుడ్డ కప్పి ఉంచుతాం. అటుగా వెళ్ళినవాళ్ళెవరైనా గుడ్డ ఎత్తి చూడాలి, కావాలంటే నీళ్ళు చల్లాలి, ఎక్కడైనా జారితే పట్టి నిలబెట్టాలి. ముఖాలంటే గిట్టని చుక్కలాయన కూడా సణుక్కుంటూనే నా బొమ్మ మీద నీళ్ళు చల్లి పోతాడు.

'ఈసారైనా మనిషి పోలికలున్నది చేశావా, లేక మోకాలో ముక్కో తెలియని దాన్నే మళ్ళీ చేశావా' అని పోయినసారి అడిగావు, ఈసారీ అడిగావు. పోయినసారి మాట మార్చేశాను. చేశానమ్మా. తల చేశాను, మెడదాకా. ముక్కు ముక్కులాగే ఉంది, నీ మనసు కుదుటపరుచుకో. కాని దాని కథే వేరు.

పోయినవారం ఒక పొద్దున నేను షెడ్డుకి వెళ్ళేసరికి పెద్దాయన టీగ్లాసు పట్టుకుని నా బల్ల పక్కనే కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, నీ అదృష్టం బాగుంది. ఇవాళ నేను ముందొచ్చాను కాబట్టి సరిపోయింది" అన్నాడు.

"ఏమైంది మాస్టారూ?"

"ఎవరో నీళ్ళు ఎక్కువ పోసినట్టున్నారు. నీ బొమ్మకి ఎడంపక్క మూతి జారిపోయింది. చెంప కూడా కిందికి దిగింది. చూస్తూ ఊరుకోలేకపోయాను. అంతా ఎత్తి, కుడిపక్కతో సమానంగా దిద్దిపెట్టాను. కొలిచాను కూడా, చూసుకో."

గుడ్డ తీశాను.

అమ్మా, ఇంతసేపూ దాచింది ఇదే. ఆ తల నీది. నిన్నడక్కుండా చేశాను. నీకు జబ్బు చేసినప్పుడు నీ దగ్గరున్న ఆ నెలల్లో నీ ముఖం కడిగాను, నీ కంట్లో చుక్కలు వేశాను, నీ నోరు తుడిచాను. ఇక్కడికొచ్చి మట్టి ముట్టుకుంటే నా చేతులకి ఇంకేదీ రాలేదు. ఇప్పుడున్న నీ ముఖాన్నే చేశాను, దిగిన మూతితో, దిగిన చెంపతో. షెడ్డులో ఎవరికీ అది నువ్వని చెప్పలేదు. పెద్దాయనకీ తెలియదు. పాపం ఆయన మంచికే పోయి, జారిన మట్టి అనుకుని నీ మూతి సరిచేసేశాడు.

గుడ్డ తీసేసరికి ఏం కనబడిందో తెలుసా? జబ్బుకి ముందటి నువ్వు. పెదాలు బిగించి, మమ్మల్ని బడికి తోలేసి, గుమ్మంలో నిలబడి సందు మలుపు దాకా చూసే నువ్వు. ఆయన నిన్నెప్పుడూ చూసి ఎరగడు. అయినా కుడిపక్కని బట్టి ఎడంపక్క కడితే నువ్వే వచ్చావు. నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను. ఆయన పాపం అది మెచ్చుకోలనుకుని, "ఊరుకో, దీనికేముంది, తోటి పనివాళ్ళం" అన్నాడు.

"మాస్టారూ, అది జారిన మట్టి కాదు. మా అమ్మ మూతి అంతే" అన్నాను.

ఆయన నాలుక కరుచుకున్నాడు. గ్లాసు కిందపెట్టి రెండు చేతులూ ఒళ్ళో దాచుకున్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. ఈలోగా అందరూ పోగయ్యారు. మనవాళ్ళు పోగైతే ఊరుకుంటారా, తలో మాట. చుక్కలాయన, "ఇదీ వాళ్ళమ్మే, అదీ వాళ్ళమ్మే, ఏదుంటే ఏం, గొడవెందుకు" అన్నాడు. ఇనపాయన, "ఇలా దిద్దినట్టే ఉంచితేనే ఆవిడకి నచ్చుతుంది" అన్నాడు. వెంట్రుకక్క మాత్రం తల ఎత్తకుండానే, "ఆవిడని అడిగావుటే?" అంది.

నిజం చెప్తున్నాను, అలాగే ఉంచేద్దామనిపించింది. ఆ ముఖం హాల్లో ఉందంటే నువ్వు ఎగిరి గంతేసి వచ్చేదానివి. అందరికీ చూపించుకునేదానివి. ఒక పూటంతా దాని ముందు కూర్చున్నాను. కూర్చున్నకొద్దీ అది నా మీద అలిగినట్టనిపించింది. ఆ నెలలన్నీ మన మధ్య జరగనట్టే ఉంది అందులో. నేను నీ దగ్గర లేనట్టే ఉంది.

సాయంత్రం పెద్దాయన మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఒక్కమాటంటాను, కోపం తెచ్చుకోకు. ముఖాల్లో వంకర నాకు కొత్త కాదు. మనిషిలో ఉన్న వంకరకీ, జారిన వంకరకీ తేడా నా వేళ్ళకి తెలుసు. మరి నీ బొమ్మ దగ్గర ఎందుకు మోసపోయాను? నువ్వు మీ అమ్మని చెయ్యలేదమ్మాయ్. ఆవిడకొచ్చిన జబ్బుని చేశావు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. దిద్దిందీ మీరే, తప్పు పడుతున్నదీ మీరేనా అని నానా మాటలూ అన్నాను. గదికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆయన అన్నది నిజం. నేను చేసింది మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న నిన్ను. జాలిపడుతూ చేశాను. జాలిపడితే నువ్వెంత చిరాకుపడతావో తెలిసీ చేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఈల. ఫిజియోథెరపీ అమ్మాయి నిన్ను రోజూ అద్దం ముందు కూర్చుని ఈల వెయ్యమనేది కదా. చిన్నప్పుడు ఈల వేశానని నా వీపు చీరేసిన నువ్వు, "నా కర్మ కాకపోతే, ఈ వయసులో నాకీ రౌడీ చదువు" అంటూ మూతి ముందుకి పెట్టావు. గాలంతా ఎడంపక్క నుంచి తుస్సుమని పోయింది. అద్దం మీద తుంపర పడింది. నువ్వు అద్దంలో నన్ను చూశావు. అంతే, నవ్వు మొదలైంది. మూతి మొత్తం కుడివైపుకి వెళ్ళిపోయింది, కుడి కన్ను చెంపలో మునిగిపోయింది, మూతపడని ఆ ఎడమ కన్ను మాత్రం 'నవ్వవేమే' అన్నట్టు నన్నే చూస్తోంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వితే వదిన పరిగెత్తుకొచ్చింది, ఎవరికేమైందోనని.

ఆ నవ్వు చేశానమ్మా. మర్నాడు పెద్దాయన దిద్దిందంతా తీసేసి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని చేశాను. నా వేళ్ళు నాకంటే ముందు పరిగెత్తాయి. ఇన్నేళ్ళలో నా పని నాకెప్పుడూ అంత హాయిగా రాలేదు. ఈ మూతి ముందు చేసినదానికంటే ఇంకా వంకర. తడి గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, దూరంగా కూర్చున్నాను.

అలవాటు ప్రకారం పెద్దాయన నీళ్ళ చెంబుతో వచ్చాడు. గుడ్డ ఎత్తాడు. ఆయన చెయ్యి మూతి దగ్గరికి వెళ్ళింది, వెళ్ళి ఆగిపోయింది. కాసేపు అలాగే చూసి, పకపకా నవ్వాడు. "ఈవిడ నన్ను చూసే నవ్వుతోంది. పోయినసారి మూతి దిద్దానని కాబోలు" అన్నాడు. నవ్వుతూనే "క్షమించు తల్లీ" అని, గుడ్డ జాగ్రత్తగా కప్పాడు. పటం ఒరిగితే ఓర్చుకోలేని మనిషి అమ్మా! ఆ వంకర మీద ఆయన వేలు పడలేదు.

ఇక షెడ్డులో సందడి చూడాలి. హాల్లో అద్దాల కింద నడిమి చోటు కోసం పోస్టరు వచ్చిన రోజు నుంచీ కొట్టుకుంటున్నాం. ఆ చోటు మీ అమ్మకే అని చుక్కలాయనే ముందు అన్నాడు. అనేసి, ముఖాల మీద తన అభిప్రాయం మాత్రం మారలేదని వెంటనే చెప్పుకున్నాడు.

కాని బొమ్మకి ప్లాస్టర్‌తో అచ్చు ఇంకా తియ్యలేదు. ప్లాస్టర్ పోశాక ఆ ముఖం నా చేతిలో ఉండదు, ఇక అంతే. నువ్వు సరేననకుండా పొయ్యను. వద్దంటే ఆ మట్టిని తిరిగి తొట్టిలో వేసి తొక్కేస్తాను, నీ మీద ఒట్టు. నడిమి పీఠం ఖాళీగా ఉంటుంది. మావాళ్ళు దానికీ ఒప్పుకున్నారు.

ఒక్క షరతు. వద్దన్న మాట ఉత్తరంలో రాయకు. అన్నయ్యతో మాట్లాడాను, ఈ శుక్రవారం నిన్ను రైలెక్కిస్తాడు. నేను స్టేషనుకి వస్తాను, తిన్నగా షెడ్డుకి తీసుకెళ్తాను. అందర్నీ ఆ పూటకి రావద్దన్నాను. నువ్వూ నేనే ఉంటాం. నేను గుడ్డ తీస్తాను. అది నిన్ను చూసి నవ్వుతుంది. తిరిగి నవ్వకుండా ఉండగలిగితే, అప్పుడు చెప్పు వద్దని.

ఇట్లు,
నిన్నడక్కుండా నిన్ను చేసుకున్న
నీ చిన్నకూతురు