అత్త ఎత్తుకు వంటగట్టు

ఆదివారం, తిరుపతి, 1984

నిలబడి వండుకునే గట్టు ఇవాళ మేమే బిగించుకున్నాం. రంధ్రాలున్న ఇనుప బద్దీలు, బోల్టులు, పైన పరచడానికి కడప బండ, అన్నీ విడివిడిగా మా ఆయన బజారు నుంచి తెచ్చారు. మధ్యాహ్నానికి నా నడుము ఎత్తుకు నిలబెట్టి, గ్యాస్ స్టవ్ పెట్టి పాలు కాచాను.

మోకాళ్లు పట్టేసి కింద కూర్చోలేక, ఏడాదిగా వంట మానేసిన అత్త గడపలో నిలబడి చూసింది. దగ్గరికొచ్చి గరిట అందుకోబోయింది. ఆమె పొట్టి మనిషి, గిన్నె లోపల ఏముందో ఆమెకు కనబడలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, "నీకు సరిగ్గా ఉండాది పాపా" అంది.

గట్టు దించుదామని ఆయనతో అన్నాను.

"మళ్లీ విప్పాల్నా? వంగి వంగి నీ నడుము పోతాది."

"పోయినప్పుడు సూస్తాంలే. ముందు ఆ బండ పట్టు."

ఇద్దరం బండ దించి, బోల్టులు విప్పి, కిందికి జరిపి మళ్లీ బిగించేసరికి సాయంత్రమైంది. నా వేలు ఒకటి నలిగింది.

రాత్రికి వంకాయ పులుసు అత్తే నిలబడి చేసింది. ఆయన మళ్లీ మళ్లీ అన్నం పెట్టించుకున్నారు. గిన్నెలు సర్దుతుంటే నా నడుము పట్టిన మాట నిజమే. ఆమె మోకాళ్లు నిలబడటానికైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటాయో...

పడుకోబోతూ అత్త పిలిచింది.

"పొద్దున్నే ఏం సేసేది పాపా?"

ఏడాదిగా ఆ మాట రోజూ నేనే ఆమెను అడుగుతున్నాను.

"నీ ఇష్టం అత్తా" అన్నాను.